కోతి మెదడులో మా వాకిలి ముగ్గు

మా ఇంట్లో వాకిలి ముగ్గుకి వంతులున్నాయి. ఒకరోజు నాది, మర్నాడు మా యారాలిది. యారాలంటే తోటికోడలు, మా ఆయన తమ్ముడి భార్య. నా వంతు రోజున పాలవాడు ముగ్గు మీంచే బండి పోనిచ్చి గుమ్మం ముందు ఆపేవాడు. ఆమె వంతు రోజున రోడ్డు మీదే బండి దిగి, క్యాన్ చేత్తో పట్టుకుని, గోడవారగా నడిచి వచ్చేవాడు. నాకు అసూయ ఎక్కడ పుట్టిందని ఎవరైనా అడిగితే ఆ బండి చక్రం దగ్గరే అని చెప్తాను. అంతకంటే పెద్ద కారణాలు వెతకక్కర్లేదు.

మేముండేది రిసాలిలో, హిందీ మాట్లాడే ఊళ్ళో. ఉక్కు ప్లాంటు నుంచి వచ్చే దుమ్ము మధ్యాహ్నానికల్లా పడి, తెల్లటి ముగ్గు ఇటుక రంగుకి తిరుగుతుంది. అయినా మా అత్తగారు ఒక్కరోజు మానడానికి ఒప్పుకోరు. పవర్ హౌస్ బజారులో దొరికే రంగోలీ పొడి ఆవిడకి పనికిరాదు. విజయనగరం నుంచి ఎవరు వస్తున్నా రాతిముగ్గు తెప్పిస్తారు. అందులోనూ మెలిక ముగ్గే కావాలి. ముందు చుక్కలు పెట్టాలి. గీత ఒక్కో చుక్కనీ చుట్టుకుంటూ మెలికలు తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి కలవాలి. కలవకుండా ఎక్కడైనా ఆగిపోతే ఆవిడ తడి చీపురు తెచ్చి మొత్తం తుడిచేస్తారు.

"గీత నడిమిన వొగ్గీకూడదే. వొగ్గేత్తే ఇంట్లో ఏ పనీ ఓ కొలిక్కి రాదు. మళ్ళీ ఎట్టు," అంటారు.

నా చేత అలా ఎన్నిసార్లు పెట్టించారో. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చీపురు చప్పుడు వింటే ఏడుపొచ్చేది. కొన్నాళ్ళకి నా చెయ్యి దానంతటదే గీతను ఇంటికి చేర్చడం నేర్చుకుంది. ఇంకెవరూ తుడవక్కర్లేకపోయింది. అప్పుడు వచ్చింది మా యారాలు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన పిల్ల, తెలుగు కంటే హిందీ బాగా వచ్చు. మెలిక ముగ్గు ఎప్పుడూ పెట్టలేదట. చీపురు మళ్ళీ పనిలో పడింది. ఆ చప్పుడు నాకు ఎంత హాయిగా ఉండేదో దాచుకోను. కానీ ఏడాది తిరిగేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది, పాలవాడు బండి దిగడం మొదలుపెట్టాడు.

ఇంకో సంగతి కూడా నన్ను కాల్చేది. నేను ముగ్గు పెట్టి లోపలికి వెళ్ళగానే ఆమె ఫోన్ పట్టుకుని బయటకొచ్చి దానికి ఫోటో తీసేది. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. వాళ్ళమ్మకి పంపించి ఇద్దరూ నవ్వుకుంటారని నా నమ్మకం. అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. అవునంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? అందుకని అడగలేదు.

ఆమె దగ్గర లేనిది నా దగ్గర ఒక్కటే ఉండేది. అది నా పని.

నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. కాలేజీలో నాకు పాఠాలు చెప్పిన మేడమ్ ఇప్పుడు దూరంగా ఒక పెద్ద ప్రయోగశాలలో ఉన్నారు. అక్కడ చచ్చిపోయిన కోతి మెదడుని కాగితం కంటే పల్చటి పొరలుగా కోసి, రంగు పట్టించి, ఫోటోలు తీస్తారు. కంటితో చూసింది మెదడుకి అర్థమయ్యేది తల వెనక భాగంలో, మనం దిండు మీద ఆనించే చోట. కంటి నుంచి బయలుదేరిన కబురు మెదడు నడుమ ఒక మజిలీలో ఆగి, అక్కడి నుంచి సన్నటి నరాల పోగుల వెంట వెనక్కి ప్రయాణం చేసి ఆ భాగానికి చేరుతుంది. ఏ పోగు ఎటు పోతోంది, ఎక్కడ చీలుతోంది, ఎక్కడ ఆగుతోంది, అదంతా పటం గీయాలి. కంప్యూటర్ గీస్తుంది. కానీ రెండు పోగులు దగ్గరగా వచ్చిన చోట తికమకపడి ఒకదాన్ని ఇంకోదానికి అంటగడుతుంది. అక్కడ మనిషి కూర్చుని, ఫోటో మీద పెన్నుతో పోగు వెంట పోగు దిద్దుకుంటూ వెళ్ళాలి. ఆ మనిషిని నేను. రిసాలిలో మా ముందు గదిలో దివాన్ మీద కూర్చుని, ఒళ్ళో పలక లాంటిది పెట్టుకుని, ఎక్కడిదో కోతి చూపు నడిచిన దారులు గీసేదాన్ని.

మా అత్తగారు మొదట్లో చాలా బెంగపడ్డారు. "సచ్చిన కోతి బుర్రలో నీకేటి పనే? మంగళారం మాత్రం ముట్టుకోకు," అన్నారు. తర్వాత ఆవిడే సర్దుకుని, నేను పని మొదలుపెట్టే ముందు ఆంజనేయస్వామి పటానికి దణ్ణం పెట్టుకుంటే చాలని తీర్పు చెప్పారు. వీధిలోవాళ్ళకి మాత్రం గొప్పగా చెప్పుకునేవారు. మా పెద్దకోడలు డాక్టర్లకే దారి చూపిస్తోందని ఒకావిడతో అనడం నా చెవిన పడింది. ఆ రోజు పాలవాడు నా ముగ్గు తొక్కినా నాకు పట్టలేదు.

పని పెరిగింది. తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని మేడమ్ అడిగారు. నేను లేరనే చెప్పబోయాను. మా ఆయన పక్కనే భోంచేస్తున్నాడు. "మన తమ్ముడి భార్య బీఎస్సీ కదా, చెయ్యి కూడా మంచిది, దానికి నేర్పరాదూ?" అన్నాడు. చెయ్యి మంచిదన్న మాట నాకు గుచ్చుకుంది. కానీ కాదనడానికి ఏ కారణమూ దొరకలేదు. అసూయకి అదే పెద్ద ఇబ్బంది. దాన్ని కారణంగా చెప్పుకోలేం.

నేర్పాను. బాగానే నేర్పాను. నా దగ్గర నేర్చుకున్నది తప్పు చేస్తే నాకే తలవంపు. ఏ రంగు ఏ దిక్కుకి వెళ్ళే పోగో, పొరకీ పొరకీ మధ్య పోగుని ఎలా పట్టుకోవాలో, కళ్ళు మంటపుడితే ఎంతసేపు మూసుకోవాలో అన్నీ చెప్పాను. ఆమె బుద్ధిగా వింది. "దీదీ, ఏక్ బార్ ఔర్, ఇంకోసారి గీయండి, నేను చూస్తాను," అని నా చేతినే చూసేది. పోగుని కాదు, నా చేతిని. అది నాకప్పుడు వింతగా తోచింది.

ఏకు మేకైందని అంటారు. మా ఇంట్లో దానికి మూడు నెలలు కూడా పట్టలేదు. పనిచేసేవాళ్ళందరం కంప్యూటర్‌లో కలిసే రోజున మేడమ్ మా యారాలు గీసినది తెర మీద పెట్టి, "క్యా హాథ్ హై!" అన్నారు. ఎంత చక్కటి చెయ్యో అని అందరి ముందూ అన్నారు. ఆవిడ దగ్గర నేను అన్నేళ్ళు చదువుకున్నాను, అన్నాళ్ళు పనిచేశాను. నా గీతల గురించి ఆవిడ ఎప్పుడూ అన్నది "ఠీక్ హై" ఒక్కటే. నేను తెర మీద నవ్వు మొహం పెట్టుకుని కూర్చున్నాను. లోపల కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నాను. ఆ సాయంత్రం పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను, ఎవరూ తినలేకపోయారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం విన్నాం గానీ, యారాలి మీద మంట పప్పు మీద చూపించింది నేనే అయి ఉంటాను.

అంతవరకూ అది వట్టి కడుపుమంటే. తర్వాత అందులో నాకు నిజంగా కావలసినది ఒకటి వచ్చి పడింది. చూపు దారుల పటం అచ్చు వేయబోతున్నామని మేడమ్ చెప్పారు. గీసేవాళ్ళలో ఒకరిని ఎంచుతారట. మిగిలిన అందరి గీతలూ వాళ్ళ దగ్గరికే సరిచూడడానికి వస్తాయి. అచ్చయ్యే పటం కింద వాళ్ళ పేరు ఉంటుంది.

మా నాన్న ఇక్కడే ఖుర్సీపార్‌లో ఉండి, ప్లాంటులో రైలుపట్టాలు తయారయ్యే మిల్లులో జీవితమంతా పనిచేశారు. రైలెక్కినప్పుడల్లా కిటికీలోంచి కిందకి చూసి, "ఇయ్యి మావి," అనేవారు. పట్టా మీద ప్లాంటు పేరు ఉంటుంది, ఆయన పేరు ఎక్కడా లేదు. ఆయనకి ఆ బాధ ఉన్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు. నాకు మాత్రం ఉంది. నాకు ఆ పటం కింద నా పేరు కావాలి. ఇంత గట్టిగా దేన్నీ కోరుకున్న గుర్తు లేదు.

ఎంపిక కోసం అందరికీ ఒకే కట్ట ఇచ్చారు. ఒకే కోతి, ఒకే ముక్క, అవే పొరలు. ఎవరి మటుకు వాళ్ళు గీయాలి, ఒకరిది ఒకరు చూడకూడదు. నేను ముందు గది వదిలి వెనక గదిలోకి మారాను. గుమ్మానికి పాత చీర కట్టాను. యారాలు తన గదిలో తలుపేసుకుంది. భోజనాలు కూడా వేర్వేరు వేళలకి చేశాం. అత్తగారు ఇటూ అటూ చూసి, "ఏటే, బడిగుంటల్లాగ సెయ్యడ్డం ఎట్టుకుని రాత్తన్నారు?" అన్నారు. ఇద్దరం మళ్ళీ ఎవరి గదిలోకి వాళ్ళం వెళ్ళిపోయాం.

ఆ రోజుల్లో గీసినంత బాగా నేనెప్పుడూ గీయలేదు. మజిలీ దగ్గర జడపాయల్లా కట్టగా బయలుదేరిన పోగులు వెనక్కి వస్తూ విప్పారతాయి. మెదడు పై తొక్క దగ్గరికి చేరేసరికి రంగు పలచబడి, వెలిసిపోయి, కనిపించీ కనిపించనట్టు అవుతాయి. అక్కడే పనితనం తెలిసేది. వెలిసిపోయిన పోగు పక్కనే ఇంకో వెలిసిన పోగు ఉంటుంది. నా పెన్ను ఆగకుండా ఒకదాని నుంచి ఇంకోదానికి మెత్తగా వంపు తిరిగి వెనక్కి వచ్చేసేది. మెదడులో అలాంటి వంపులు నిజంగానే ఉంటాయి. పక్కపక్క మడతల్ని కలిపే పోగులు అలాగే గుర్రపు నాడాలా వంపు తిరుగుతాయి. కాబట్టి నాకు సందేహం రాలేదు. గీత గీతనీ ఇంటికి చేర్చి పంపించాను. ఆమె ఇంత బాగా గీయలేదని లోపల నిశ్చయంగా అనుకున్నాను.

ఫలితం చెప్పే రోజున మేడమ్ కంప్యూటర్‌లో మా ఇద్దర్నే పిలిచారు. ఆవిడతో మాటలన్నీ హిందీలోనే. ముందు గదిలో దివాన్ మీద పక్కపక్కన కూర్చున్నాం, భుజాలు తగలకుండా. మేడమ్ మొహం బాగాలేదు. మిగతా అన్నిటా మీ ఇద్దరి గీతలే అందరికంటే ముందున్నాయని, కానీ వెలిసిపోయిన చోట మిగిలినవాళ్ళందరూ ఆపేసి వదిలేస్తే మీరిద్దరే లేని వంపులు గీశారని అన్నారు. అక్కడ ఆ పోగులు వెనక్కి తిరగవు. ఆ పొరలోంచి జారి కింది పొరలోకి పోతాయి, లేదా అక్కడే కణాల మధ్య అంతమైపోతాయి. పొరపాటు ఎవరైనా చేస్తారు, దానికి నాకేం లేదు అన్నారు. తర్వాత నా గీతలకి ఎరుపు, ఆమె గీతలకి నీలం వేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించారు.

ఎరుపూ నీలమూ ఎక్కడా విడిగా కనిపించలేదు. ఊదారంగు గీత ఒక్కటే ఉంది. అవే చోట్ల, అదే వంపు, వంపుకి అంతే వెడల్పు.

"మీరు ఒకే ఇంట్లో ఉంటారు కదా," అన్నారు మేడమ్. "ఇది కాపీ. ఎవరు ఎవరిది చూశారు?"

నా మనసు చురుగ్గా పనిచేసింది. నేను ముందు నుంచీ ఉన్నదాన్ని, ఆమెకి నేర్పినదాన్ని. ఆమె నాది చూసిందంటే మేడమ్ నమ్ముతారు. పేరు నాకు రాకపోయినా ఆమెకి మాత్రం రాదు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది, పక్కన ఆమె ఊపిరి నాకు వినిపిస్తోంది. నేను నోరు తెరిచేదాన్నో లేదో ఇప్పటికీ నాకు తెలియదు, ఎందుకంటే ఆమే ముందు మాట్లాడింది.

"మేడమ్, నేనే దీదీది చూశాను."

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఎంత సంతోషించానో.

"కానీ ఇప్పుడు కాదు మేడమ్. షాదీ హోకే, పెళ్ళయి వచ్చినప్పటి నుంచి," అంది ఆమె. ఒళ్ళో ఉన్న ఫోన్ తీసి కెమెరాకి చూపించింది. అందులో నా ముగ్గులు. వరసగా, వేలితో జరుపుతున్నకొద్దీ నా ముగ్గులే. ప్రతి ముగ్గు మీదా వేలితో దిద్దిన ఎర్ర గీత ఉంది. "మాకు బిలాస్‌పూర్‌లో రంగోలీయే తెలుసు. ఇక్కడ రోజూ అత్తమ్మ నాది తుడిచేసేవారు, దీదీది తుడిచేవారు కాదు. దీదీని చూస్తే చాలా జలన్ అయ్యేది మేడమ్. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక దీదీ ముగ్గు ఫోటో మీద వేలు పెట్టి దిద్దేదాన్ని. అబ్ మేరా హాథ్ ఐసా హీ చల్తా హై. నా చెయ్యి ఇలాగే పోతుంది, నేనేం చెయ్యను?"

జలన్ అంటే అసూయ. ఆ మాట ఆమె అంత తేలిగ్గా అనేసింది. నేను ఇన్నేళ్ళూ లోపల పెట్టుకుని మాడిపోయిన మాట.

ఈలోగా వంటింట్లోంచి అత్తగారు తడి చేతులతో వచ్చేశారు. కాపీ అన్న మాట ఆవిడకి వినబడింది. నన్నూ ఆమెనీ చెరో పక్కకి నెట్టి కెమెరా ముందు కూర్చున్నారు. మేడమ్‌కి తెలుగు రాదని ఆవిడకి తట్టనే లేదు. "సూడమ్మా, ఈలు దొంగతనం సేసే గుంటలు కాదు. మా ఇంట్లో గీత నడిమిన వొగ్గీకూడదు. అది నాను సెప్పిందే. తిడితే నన్ను తిట్టు," అన్నారు.

ఆవిడ మాటల్ని నేను హిందీలో చెప్పాను. చెప్తూండగా నా గొంతు నాకే కొత్తగా వినబడింది. మేడమ్ నవ్వారు, నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోతి మెదడులో మీ వాకిలి గీశారన్నమాట అన్నారు. కొత్త కట్ట పంపిస్తాను, ఈసారి వెలిసిపోయిన చోట ఒక చుక్క పెట్టి చెయ్యి ఎత్తేయండి, అంతకుమించి ఏమీ చేయొద్దు అన్నారు.

ఆ రాత్రి నాకు బుర్రలో ఒకటే తిరిగింది. పాలవాడు ఎవరి చేతిని చూసి బండి దిగాడు? మేడమ్ "క్యా హాథ్ హై" అన్నది ఏ చేతిని? ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్నది నా చేతిని చూసే. దాంతో అసూయ తగ్గాలి కదా. తగ్గలేదు సరికదా ఇంకా మండింది. ఆమెది ఆమెకి ఉంటే ఓర్చుకోవచ్చు. నాది ఆమె దగ్గర ఉండి, ఆమెకే పేరొస్తుంటే ఎలా ఓర్చుకోవడం?

కొత్త కట్ట వచ్చింది. చుక్క పెట్టి చెయ్యి ఎత్తడం. చెప్పడానికి అంతే. పోగు వెలిసిపోతుంది, ఆపాలని నాకు తెలుసు, నా పెన్ను మాత్రం వంపు తిరిగిపోతుంది. తుడుస్తాను, మళ్ళీ గీస్తాను, మళ్ళీ తిరుగుతుంది. ఆఖరికి ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని గీశాను. పక్క గదిలో ఆమె కొద్దిరోజుల్లోనే ఆపడం నేర్చేసుకుంది. ఒకరి చెయ్యి చూసి నేర్చుకున్నదానికి ఇంకో చెయ్యి నేర్చుకోవడం తెలుసు. నేను నేర్చింది చీపురు దగ్గర.

సరిచూసే పని ఆమెకే ఇచ్చారు. పటం కింద ఆమె పేరు ఉంటుంది. అత్తగారు పాయసం వండారు. తీపి ఎక్కువైందన్నాను. సరిగ్గానే ఉంది, రెండోసారి కూడా వేసుకున్నాను. నా గీతలు ఇప్పుడు ఆమె దగ్గరికే వెళ్తాయి. వంపు తిరిగిన చోటల్లా చిన్న ఎర్ర చుక్క పెట్టి వెనక్కి పంపుతుంది, ఒక్క మాట కూడా రాయదు. ఏదైనా రాస్తే తిట్టుకోవడానికైనా వీలుండేది.

మొన్న నా వంతు. చుక్కలు పెట్టి మెలిక మొదలుపెట్టాను. ఒక మూల దగ్గరికి వచ్చేసరికి, గీత ఇంటికి తిరగబోతుండగా, చెయ్యి ఎత్తేశాను. అక్కడ చుక్క పెట్టాను. వేళ్ళు గుంజాయి. ముగ్గు గిన్నె పట్టుకుని ఆ ఖాళీ జాగాని చూస్తూ నిలబడ్డాను. అత్తగారు బయటకొచ్చి చూశారు, లోపలికి వెళ్ళి తడి చీపురు తెచ్చారు.

"ఉండనీండి అత్తమ్మా," అంది గుమ్మంలోంచి మా యారాలు. "దీదీ సీఖ్ రహీ హై."

అక్క నేర్చుకుంటోందట. నాకు చెవుల దాకా మండింది. అత్తగారు చీపురు అలాగే పట్టుకుని, ఆమెనీ నన్నూ చూసి, గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. యారాలు మెట్లు దిగి వచ్చి ఫోన్ తీసింది. తెరిచి వదిలేసిన ఆ మూల దగ్గర వంగి, ఫోటోకి చెయ్యి సర్దుకుంటోంది. ఎండ నా వెనక నుంచి పడుతోంది. లోపల మంట అలాగే ఉంది. అయినా, నా నీడ ముగ్గు మీద పడుతోందని చూసి, నేను పక్కకి జరిగాను.